గురువారం సాయంత్రం ఆరింటి అంకె: తెలుగు బిజినెస్ డెస్కులకు ఓ బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల్లో, టీవీ చానెళ్లలో బిజినెస్ డెస్కులు చూసే మిత్రులకు నమస్కారం.

నేను న్యూజెర్సీలో ఉంటాను. సొంతూరు నరసరావుపేట. మా నాన్నకు ఎనభై దగ్గర పడుతున్నాయి. సాయంత్రం టీవీ ముందు కూర్చుంటే, కింద పోయే స్క్రోలింగ్‌లో ఒక్క అక్షరం వదలరు. గురువారమైతే నాకు ఫోను ఖాయం. ఇక్కడ పొద్దున ఎనిమిది నలభై, నేను కారులో ఉంటాను. "ఏరా, అక్కడ మళ్లీ రెండు లక్షల ముప్ఫై వేల ఉద్యోగాలు ఊడినయ్యంట గదా, నీదేం కాలేదుగా?" అంటారు. మొదట్లో నవ్వొచ్చేది. ఒకసారి సెలవులకొచ్చి ఆయన పక్కనే కూర్చుని చూస్తే తెలిసింది, ఆయన తప్పేం లేదని. "అమెరికాలో ఒక్క వారంలో 2.3 లక్షల ఉద్యోగాలు హుళక్కి" అని తెర మీద పడితే ఏ తండ్రైనా ఫోను తీస్తాడు. ఏ చానెలో చెప్పను. నాలుగు చానెళ్లు తిప్పి చూశాను, మాటల్లో తేడా తప్ప అర్థంలో తేడా లేదు.

ఆ అంకె సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మీ దగ్గర సాయంత్రం ఆరు, చలికాలంలో ఏడు కొట్టేసరికి ఇక్కడ ఉదయం ఎనిమిదిన్నర అవుతుంది. అమెరికా కార్మిక శాఖ ఆ నిమిషానికి ఓ చిన్న నివేదిక విడుదల చేస్తుంది. అంతకు ముందు శనివారంతో ముగిసిన వారంలో నిరుద్యోగ బీమా కోసం కొత్తగా ఎన్ని దరఖాస్తులు పడ్డాయన్నది అందులో మొదటి వాక్యం. వార్తా ఏజెన్సీ కాపీ వస్తుంది, మీరు రెండు వాక్యాలు తెలుగు చేస్తారు, డాలరు కదులుతుంది, బంగారం కదులుతుంది, మర్నాడు ఐటీ షేర్లు కదులుతాయి. ఈ హడావుడిలో 'దరఖాస్తులు' కాస్తా 'ఊడిన ఉద్యోగాలు' అయిపోతున్నాయి. నా గోడు అక్కడే.

గుంటూరు పెద్దాసుపత్రిలో పొద్దున ఓపీ కౌంటర్ దగ్గర ఎన్ని చీటీలు రాశారో లెక్కబెట్టి, "ఇవాళ గుంటూరులో ఇంతమందికి జబ్బు చేసింది" అని ఓ రిపోర్టరు రాసుకొస్తే మీరు ఒప్పుకుంటారా? ప్రైవేటుకు పోయినవాళ్లున్నారు, మందుల షాపులో గోళీ కొనుక్కుని పడుకున్నవాళ్లున్నారు, పక్క ఊళ్ల నుంచి వచ్చి చీటీ రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ రోజూ రాసే చీటీలు ఒక్క పూటలో రెట్టింపయ్యాయంటే మాత్రం, ఊళ్లో మంచినీళ్లకేదో అయిందని అనుభవమున్న ఏ డాక్టరైనా పసిగడతాడు. గురువారం అంకె అలాంటి ఓపీ చీటీల లెక్క. దాని విలువ కదలికలో ఉంటుంది. ఆ ఒక్క వారం అంకెను పట్టుకుని ఊరి ఆరోగ్యం చెప్పబోతే బోర్లా పడతాం.

ముందు 'భృతి' అన్న మాట సంగతి తేల్చుకుందాం. "నిరుద్యోగ భృతి దరఖాస్తులు" అని రాస్తున్నారు. నిఘంటువు ప్రకారం తప్పు కాకపోవచ్చు. కానీ మనవాళ్లకు ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఎన్నికల మేనిఫెస్టో. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం కింద నెలకు 1,000 రూపాయలు, అదే ఏడాది తెలంగాణ ఎన్నికల్లో 3,016 రూపాయల హామీ. అక్కడ భృతి అంటే చదువైపోయి ఉద్యోగం దొరకని కుర్రాడికి సర్కారు ఇచ్చే ఆసరా. ఇక్కడిది దానికి పూర్తిగా తలకిందులు. ఇప్పటిదాకా ఉద్యోగమే చేయనివాడికి పైసా రాదు. తనంతట తాను మానేసినవాడికి సాధారణంగా రాదు, తప్పు చేసి పోగొట్టుకున్నవాడికీ రాదు. సొంతంగా కారు తిప్పుకునేవాడికి మామూలు రోజుల్లో రాదు. తన తప్పేమీ లేకుండా, జీతం మీద చేస్తున్న ఉద్యోగం పోయినవాడికే వస్తుంది. ఇది బీమా. యాజమాన్యాలు ప్రీమియంలా పన్ను కడతాయి, ప్రమాదం జరిగితే ఉద్యోగి క్లెయిమ్ పెడతాడు. 'నిరుద్యోగ బీమా' అంటే చాలు, సగం అపార్థం అక్కడే తీరిపోతుంది.

దీని పుట్టుక 1935 నాటి సామాజిక భద్రతా చట్టం, రూజ్‌వెల్ట్ హయాం. విస్కాన్సిన్ రాష్ట్రం ఇంకా ముందే, 1932లోనే సొంత చట్టం చేసుకుంది. మొదటి చెక్కు కూడా అక్కడే, 1936 ఆగస్టులో, 15 డాలర్లకు ఇచ్చారు. ఇప్పటికీ డబ్బు పంచేది రాష్ట్రాలే, నిబంధనలు ఎవరివి వాళ్లవే. ఫ్లోరిడాలో వారానికి ఎక్కువలో ఎక్కువ 275 డాలర్లు, అదీ మామూలు రోజుల్లో 12 వారాలే. మా న్యూజెర్సీలో 2023లో గరిష్ఠం 830 డాలర్లు, 26 వారాల దాకా. 275 డాలర్ల కోసం ఆ ఫారాలన్నీ నింపడమెందుకని ఊరుకునేవాళ్లు ఫ్లోరిడాలో ఎక్కువగా ఉంటే, దేశం మొత్తం మీద వచ్చే అంకె ఆ మేరకు తగ్గుతుంది. ఉద్యోగాలు పోలేదని కాదు, గుమ్మం తొక్కలేదని అర్థం.

ఇక నా సంగతి. 2023 జనవరి మూడో వారం. అమెజాన్ 18,000 మందిని తీసేస్తానని నెల మొదట్లోనే ప్రకటించింది. ఆ వారం బుధవారం మైక్రోసాఫ్ట్ 10,000, శుక్రవారం గూగుల్ 12,000 అన్నాయి. మీ పేపర్లన్నీ పతాక శీర్షికలు పెట్టాయి, మా నాన్న కత్తిరించి దాచారు కూడా. మా కంపెనీ వీటిలో ఏదీ కాదు, పేరు చెప్పినా గుర్తుపట్టేంత పెద్దది కాదు. పొద్దున పదింటికి వీడియో కాల్ అన్నారు. పదకొండు నిమిషాలు. కాల్ అయ్యేసరికి లాప్‌టాప్ లాక్ అయిపోయింది, బల్ల మీద కాఫీ ఇంకా వేడిగానే ఉంది.

ఆ వారానికి కొత్త దరఖాస్తుల అంకె ఎంతో తెలుసా? 1,86,000. అంతకు ముందు వారం కంటే తక్కువ! వార్తలు చూస్తే అమెరికాలో అందరి ఉద్యోగాలూ పోతున్నట్టుంది, అంకె చూస్తే ఎవరికీ ఏమీ కానట్టుంది. రెండూ అబద్ధం కాదు. వంద మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీలు పెద్ద ఎత్తున తీసివేతలు చేపడితే 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1988 నాటి చట్టం ఒకటుంది. చాలా కంపెనీలు ఆ రోజే గేటు బయటకు పంపేసి, రెండు నెలలు జీతం మాత్రం ఇస్తుంటాయి. నాకూ అంతే. ఉద్యోగం పోయింది కానీ కాగితం మీద నేను ఉద్యోగినే. జీతం వస్తున్నన్నాళ్లు క్లెయిమ్ పెట్టడానికి లేదు. పైగా ఆ ప్రకటనల్లోని వేలు ప్రపంచవ్యాప్తంగా ఉన్న ఉద్యోగులవి, ఒక్క అమెరికావి కావు. ఇంకో సంగతి చెప్పాలంటే, ఏ హడావుడీ లేని మామూలు నెలలో కూడా ఈ దేశంలో పదిహేను లక్షల మందికి పైగా ఉద్యోగాల్లోంచి తీసేస్తుంటారు, కొత్తగా చేరేవాళ్లు దానికి మూడు రెట్లుంటారు. పెద్ద పేరున్న కంపెనీ వేలల్లో తీసేస్తే వార్త అవుతుంది. ఒహాయోలో రూఫింగ్ కాంట్రాక్టరు తొమ్మిది మందిని పంపించేస్తే ఎవరికీ తెలియదు. గురువారం అంకెలో ఎక్కువ భాగం ఆ తొమ్మిది మందిలాంటి వాళ్లే.

నా 60 రోజులూ మార్చి 20 ప్రాంతంలో అయిపోయాయి. ఆ వారం ఓ రాత్రి పిల్లలు పడుకున్నాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని క్లెయిమ్ నింపాను. చివరి పనిదినం ఎప్పుడు, వారం జీతమెంత, గత పద్దెనిమిది నెలల్లో ఎక్కడెక్కడ చేశారు, ఎందుకు మానేశారు. కారణాల జాబితాలో "పని లేక" అన్నది ఎంచుకోవాలి. ఇరవై మూడేళ్లుగా ఊపిరి సలపని పని చేసినవాణ్ని, ఆ వరుస మీద నొక్కడానికి వేలు రాలేదు. ఆలోచిస్తూ కూర్చుంటే సైటు లాగౌట్ చేసేసింది. మళ్లీ మొదటి నుంచీ. చివరికి వచ్చిన కన్ఫర్మేషన్ నంబరును కరెంటు బిల్లు కవరు మీద రాసుకున్నాను. ఉద్యోగం పోయిన రెండు నెలలకు, ఆ రాత్రి నేను అంకెలో ఒకటినయ్యాను.

మార్చి 25తో ముగిసిన ఆ వారానికి అంకె 1,98,000 అని గురువారం ప్రకటించారు. మళ్లీ గురువారం వచ్చేసరికి అదే వారం అంకె 2,46,000 అయింది. నలభై ఎనిమిది వేల మంది ఎక్కణ్నుంచి ఊడిపడ్డారు? ఎవరూ ఊడిపడలేదు. ఏటా ఓసారి సీజన్ లెక్కలు సవరిస్తారు, ఆ ఏడాది సవరణ కాస్త గట్టిగా తగిలింది. రెండు లక్షల లోపు అని అప్పటిదాకా చెప్పుకున్న వారాలు చాలా వరకు రెండు లక్షలు దాటాయి. "అమెరికా లేబర్ మార్కెట్ ఉక్కులా ఉంది" అని అంతకు ముందు రాసిన వ్యాసాలన్నీ ఒక్క పొద్దులో పాతబడ్డాయి.

ఈ సీజన్ లెక్క ఏమిటో మన పాఠకుడికి అర్థం కాదనుకుంటారు గానీ, సులువుగానే అవుతుంది. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరితే హైదరాబాద్ ఖాళీ అయిపోతోందని ఎవరూ రాయరు. ఏటా ఉండే రద్దీని పక్కన పెట్టి, ఈసారి ఎంత ఎక్కువో చూస్తారు. ఇక్కడా అంతే. క్రిస్మస్ అమ్మకాలు అయిపోయాక జనవరి మొదట్లో అసలు దరఖాస్తులు మూడు లక్షలు దాటిపోతాయి, సర్దుబాటు చేసి రెండు లక్షల పైచిలుకు అని చెబుతారు. జూలైలో మిషిగన్ కార్ల ఫ్యాక్టరీలు కొత్త మోడళ్ల కోసం కొన్నాళ్లు మూస్తాయి. స్కూళ్లకు వసంతకాలపు సెలవులొస్తే న్యూయార్క్‌లో బస్సు డ్రైవర్లు వారం రోజులకు క్లెయిమ్ పెట్టుకుంటారు. ఈస్టర్ ఏటా ఒకే తేదీకి రాదు కాబట్టి ఆ సెలవులు ఒక వారం అటూ ఇటూ జరిగితే సర్దుబాటు గాడి తప్పుతుంది, అంకె ఎగురుతుంది. అది చూసి "మాంద్యం గంటలు" అని శీర్షిక పెట్టకూడదు కదా. నివేదికలోనే నాలుగు వారాల సగటు ఉంటుంది, మొదటి పేరాలోనే. దాన్ని మీ కాపీలోకి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు ఒక వాక్యం.

ఎగిరిన అంకెకు ఇంకా చిత్రమైన కారణాలుంటాయి. 2023 మేలో 2,64,000 వచ్చింది, ఏడాదిన్నరలో అదే గరిష్ఠం. ఆ ఉబ్బులో పెద్ద వాటా మసాచుసెట్స్‌ది. తర్వాత తేలిందేమిటంటే, వేరేవాళ్ల పేర్లతో దొంగలు పెట్టిన దరఖాస్తులు. 2025 సెప్టెంబరులో దాదాపు అదే అంకె, 2,63,000. ఈసారి టెక్సస్‌లో ఒక్కసారిగా పదిహేను వేలు పెరిగాయి, అక్కడా కారణం దొంగ క్లెయిములే. మరుసటి వారం 2,31,000కు దిగొచ్చింది. 2020 శరదృతువులో కాలిఫోర్నియా పేరుకుపోయిన దరఖాస్తులు తేల్చుకోవడానికి రెండు వారాలు కొత్తవి తీసుకోవడమే ఆపేసింది. అంత పెద్ద రాష్ట్రాన్ని సున్నా అని వేయలేక, అంతకు ముందు వారం అంకెనే మళ్లీ మళ్లీ రాశారు.

ఇంతకంటే మన తెలుగు పాఠకుడికి ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీ వార్త చదివి గుండె పట్టుకునే తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలు అసలు ఈ అంకెలో ఉండరు.

ఆ వీడియో కాల్‌లో నాతోపాటు కరీంనగర్ కుర్రాడొకడు ఉన్నాడు. హెచ్‌-1బీ. నేను క్లెయిమ్ పెట్టానని తెలిసి ఫోను చేశాడు. "అన్నా, నా జీతంలకెంచి గూడ కట్ అయితున్నది గదా, మరి నాకెందుకు రాదు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. చాలా రాష్ట్రాల్లో ఈ పన్ను యాజమాన్యమే కడుతుంది. అలాస్కా, పెన్సిల్వేనియా, మా న్యూజెర్సీల్లో మాత్రం ఉద్యోగి జీతంలోంచి కూడా కోస్తారు. ఇక్కడ ఆ ఏడాది అది 150 డాలర్ల పైచిలుకు. పే స్టబ్ (జీతం చీటీ) తీసి చూసుకుంటే ఆ వరుస కనిపిస్తుంది. ప్రీమియం కట్టినవాడికి బీమా ఎందుకు రాదంటే, క్లెయిమ్ పెట్టినవాడు ప్రతి వారం ఒక ప్రశ్నకు జవాబివ్వాలి: ఉద్యోగం దొరికితే వెంటనే చేరగలవా? హెచ్‌-1బీ మీద ఉన్నవాడి పని అనుమతి ఆ యజమానితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే అనుమతి పోయినట్టే. ఇంకో కంపెనీ పిటిషన్ వేస్తే తప్ప చేరలేడు. కాబట్టి "సిద్ధంగా లేడు" అన్న లెక్కలోకి పోతాడు. అతనికి దేశంలో ఉండనిచ్చే గడువే 60 రోజులు. ఆ రోజులు ఫారాలు నింపడానికి కాదు, ఇంటర్వ్యూలకే చాలవు.

మావాడు కారు అమ్మకానికి పెట్టాడు, అపార్ట్‌మెంట్ లీజు కాగితాలు తీసి తెంచుకుంటే ఎంత కట్టాలో చూసుకున్నాడు. యాభై మూడో రోజున వేరే కంపెనీ పిటిషన్ వేసింది, బయటపడ్డాడు. ఒకే రోజు, ఒకే కాల్‌లో ఉద్యోగాలు పోయినవాళ్లం ఇద్దరం. నేను రెండు నెలల తర్వాత లెక్కలోకి వచ్చాను. అతను ఎప్పుడూ రాలేదు. ఏటా ఆమోదించే హెచ్‌-1బీ పిటిషన్లలో 70 శాతానికి పైగా భారతీయులవే, అందులో మనవాళ్ల వాటా ఎంతో మీకు చెప్పాలా? చదువు ముగించి ఓపీటీ (చదువు తర్వాత కొన్నాళ్లు పనిచేసుకునే అనుమతి) మీద ఉన్న పిల్లలదీ ఇదే కథ. మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు, సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే 150. వాళ్ల గడియారం వేరే చోట నడుస్తుంది, గురువారం నివేదికలో కాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, హెచ్‌-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలకిచ్చే పని అనుమతి) మీద పనిచేసే భార్యలు మాత్రం పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే రేపు గ్రీన్‌కార్డుకు, పౌరసత్వానికి అడ్డొస్తుందని భయపడి మానేసినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. అది సర్కారు దానం కింద లెక్కకు రాదు, పనిచేసి సంపాదించుకున్న హక్కు కింద వస్తుంది. ఈ ఒక్క ముక్క మీ ఎన్నారై పేజీలో రాసినా ఎంతోమందికి మేలు.

అంటే ఈ అంకె పనికిరానిదని నేననడం లేదు. నిజానికి దీని మీద నాకున్నంత ప్రేమ ఇంకే అంకె మీదా లేదు, ఎందుకో చెబుతాను. 2020 మార్చి 26, గురువారం. అంతకు ముందు వారం 2,82,000 ఉన్న అంకె 32,83,000 అయింది. అప్పటిదాకా రికార్డు 1982 అక్టోబరు నాటి 6,95,000. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆ గీత పేజీ పైకొస దాకా పాకింది. ఇంకో వారానికి 66,48,000. నెలనెలా వచ్చే ఉద్యోగాల నివేదిక ఏం చెప్పిందో చూడండి: మార్చిలో నిరుద్యోగం 4.4 శాతం. ఎందుకంటే ఆ సర్వే నెల మధ్యలో, కరోనా తాళాలు పడకముందు వారం గురించి అడిగింది. అసలు దెబ్బ, 14.7 శాతం, నెలవారీ లెక్కలో కనిపించింది మే 8న. గురువారం అంకె ఆరు వారాల ముందే అరిచి చెప్పింది. నెలవారీ నివేదికలు పోయిన నెల సంగతి చెబుతుంటే ఇది మొన్న శనివారం దాకా చూసొచ్చి చెబుతుంది. అందుకే దీనికంత మర్యాద.

ఆ రోజుల్లోనే మా న్యూజెర్సీ అప్పటి గవర్నరు ఫిల్ మర్ఫీ, కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాష తెలిసినవాళ్లు స్వచ్ఛందంగా ముందుకు రావాలని అడిగారు. రాష్ట్ర కంప్యూటర్లు నలభై ఏళ్ల నాటివి, దరఖాస్తుల వరద తట్టుకోలేకపోయాయి. 1998లో అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, ఫ్యాన్లు తిరగని గదిలో నూట ఇరవై మందితో కూర్చుని నేను నేర్చుకున్నది ఆ కోబాలే. వైటూకే (2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం) పుణ్యమా అని ఇక్కడ పడ్డాను. ఆ రాత్రి వంటింట్లో నా క్లెయిమ్ మింగింది కూడా బహుశా అదే కోబాల్ అయి ఉంటుంది. సర్లెండి, అది వేరే ముచ్చట.

కిందికి దిగేటప్పుడూ ఇది ముందే చెబుతుంది. 2009 వసంతంలో అందరూ చీకట్లో ఉండగా, నార్త్‌వెస్ట్రన్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్త రాబర్ట్ గోర్డన్ ఈ దరఖాస్తుల శిఖరం దాటిపోయిందని గమనించి, మాంద్యం ముగింపుకొచ్చిందన్నారు. పాత మాంద్యాల్లో శిఖరానికి, ముగింపుకు మధ్య కొద్ది వారాలే తేడా. తర్వాత అధికారికంగా తేల్చిన తేదీ 2009 జూన్. దరఖాస్తులు అప్పటికింకా వారానికి ఆరు లక్షల చొప్పున పడుతున్నాయి. మీ పద్ధతిలో అయితే "మరో ఆరు లక్షల ఉద్యోగాలు హుళక్కి" అన్న శీర్షికే వచ్చేది.

2025 అక్టోబరు, నవంబరుల్లో 43 రోజులు ఇక్కడ సర్కారు మూతపడింది. ఉద్యోగాల నెలవారీ నివేదిక ఆగిపోయింది. అక్టోబరుకు నిరుద్యోగ రేటు అసలు లేనే లేదు, సర్వే చేయలేదు కాబట్టి. దేశం మొత్తానికి గురువారం నివేదికా రాలేదు. కానీ రాష్ట్రాల్లో కౌంటర్లు మూతపడలేదు, వాటి లెక్కలు వస్తూనే ఉన్నాయి. పెద్ద బ్యాంకుల ఆర్థికవేత్తలు వాటిని కూడి, పాత సీజన్ గుణకాలు వేసుకుని, అంకె తామే తయారు చేసుకున్నారు. ఆ ఆరు వారాలూ చాలామంది పట్టుకు వేలాడింది ఈ కొమ్మనే. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగుల క్లెయిములు మాత్రం అసలు అంకెలో కలవవు, విడిగా మరో పట్టికలో ఉంటాయి. వాషింగ్టన్‌లో సర్కారు ఉద్యోగుల తీసివేతల మీద అంత గోల జరుగుతున్నా పెద్ద అంకె కదల్లేదేమని ఆ ఏడాది చాలామంది ఆశ్చర్యపోయింది ఇందుకే.

అదే 2025 గురించి ఇంకో మాట. ఏడాది పొడుగునా కొత్త దరఖాస్తులు రెండున్నర లక్షల లోపే ఎక్కువగా ఉన్నాయి, అంతా బాగున్నట్టే. అదే నివేదికలో కాస్త కిందికి పోతే ఇంకో అంకె ఉంటుంది: ఇప్పటికే క్లెయిమ్ పెట్టి వారంవారం బీమా తీసుకుంటున్నవాళ్లు ఎంతమంది అని. అది పాకుతూ పాకుతూ 19 లక్షలు దాటింది, 2021 నవంబరు తర్వాత అంత లేదు. తీసివేతలు తక్కువే, కానీ కొత్తగా చేర్చుకోవడమూ తగ్గిపోయింది. గుమ్మం దగ్గర తోపులాట లేదు, లోపలికెళ్లినవాళ్లు బయటకు రావడమే లేదు. నాకు 2023లో పందొమ్మిది వారాలు పట్టింది. ప్రతి ఆదివారం ఆ ప్రశ్నలకు జవాబులు నొక్కేవాణ్ని: చేయగలవా, సిద్ధమా, వెతికావా, ఎంతైనా సంపాదించావా. 26 వారాలు దాటితే ఉద్యోగం వచ్చినా రాకపోయినా లెక్కలోంచి పడిపోతావు. కాబట్టి ఈ రెండో అంకె తగ్గినప్పుడు కూడా ఉద్యోగాలొచ్చేశాయని చప్పట్లు కొట్టకండి. నిరుద్యోగులు 70 లక్షలకు పైగా ఉన్న దేశంలో బీమా అందుకుంటున్నది నాలుగో వంతు మందే.

డెస్కులో గురువారం సాయంత్రం ఎంత ఒత్తిడి ఉంటుందో నాకు తెలుసు, మా బాబాయి కొడుకు ఒకడు మీలోనే ఉన్నాడు. పెద్ద వ్యాసాలు రాయమని అడగడం లేదు. 'ఊడాయి', 'హుళక్కి' మానేసి 'దరఖాస్తులు' అనండి. భృతిని బీమా చేయండి. పక్కన నాలుగు వారాల సగటు వేయండి. ముందు వారం అంకె సవరించి ఉంటే అదీ చెప్పండి, ఏజెన్సీ కాపీలో ఉంటుంది, తెలుగు చేసేటప్పుడు మొదట కత్తెరపడేది దానికే. మిలియన్లను లక్షలు చేసేటప్పుడు సున్నాలు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. హెచ్‌-1బీ పిల్లల గురించి రాయాలనిపిస్తే ఈ అంకెకు ముడిపెట్టకుండా రాయండి, వాళ్ల కథ వేరేగా ఉంది, దానికి వేరే పేజీ కావాలి.

స్క్రోలింగ్‌కు చోటు చాలదంటారేమో. నేను రాసి చూశాను: "అమెరికాలో నిరుద్యోగ బీమాకు గత వారం 2.3 లక్షల కొత్త దరఖాస్తులు, నాలుగు వారాల సగటు 2.28 లక్షలు." మీరిప్పుడు వేసేదానికంటే జానెడు పొడవుంటుంది, అంతే. మా నాన్న ఎంత పొడవైనా చదువుతారు.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక నరసరావుపేట పాఠకుడు